గాలి కింది చప్పుడు

పోయిన వారం మనం మేస్త్రీని దేవుడి అలమర ముందు వదిలిపెట్టి వచ్చాం. ఇరవై ఏళ్లుగా చొక్కా జేబు దిగని చిన్న స్క్రూడ్రైవర్‌ని ఆయన ఉతికిన గుడ్డలో చుట్టి, పటం వెనక పెట్టి, "ఇక దీంతో నాకు పని లేదు స్వామీ" అని దణ్ణం పెట్టుకున్నాడు. ఆ మాట వంటింట్లో ఉన్న భార్య చెవిన పడింది. తర్వాత ఆయన బావమరిదికి ఫోన్ చేసి, పొద్దున్నే కెమెరా తీసుకుని షెడ్డుకి రమ్మన్నాడు. చానల్ చూసేవాళ్లందరికీ ఒక మాట చెప్పాలన్నాడు. ఆ మాటేమిటో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మొదటినుంచీ చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. మేస్త్రీ మోటారు సైకిళ్ల ఇంజన్లు సరిచేస్తాడు. మిగతావాళ్లు మీటర్లు తగిలించి చూస్తే, ఈయన తల ఒక పక్కకి వాల్చి వింటాడు. కార్బరేటర్ మీది గాలి స్క్రూని పావు చుట్టు అటో ఇటో తిప్పి, బండిని రోడ్డెక్కించి, పరుగెత్తించి, మళ్లీ వింటాడు. అందుకే అందరూ ఆయన్ని చెవి మేస్త్రీ అంటారు. ఆ పరుగుల్ని బావమరిది వీడియో తీసి చానల్లో పెడతాడు. హ్యాండిల్ మీద చిన్న కెమెరా బిగించి మీటరు ముల్లు వైపు తిప్పుతాడు. ముల్లు ఎక్కడం, ఇంజన్ చప్పుడు, అంతే. ప్రతి వీడియో మొదట్లో "కలిపింది లేదు, కోసింది లేదు, ఉన్నది ఉన్నట్టు" అంటాడు. ఆ ముక్క వినడానికే చాలామంది చూస్తారు.

పన్నెండు రోజుల కిందట లెక్కల మాస్టారు తన పాత బండి తెచ్చారు. ఎత్తు ఎక్కేటప్పుడు లోపల గలగలమంటోందన్నారు. మేస్త్రీ పొద్దున్నే దాన్ని ఒక పరుగు తీయించి విన్నాడు, విప్పాడు, సరిచేశాడు. పది దాటాక మాస్టారు కెమెరాతో సహా బండెక్కి వెళ్లారు. నీళ్ల ట్యాంకు దగ్గర మలుపులో పడ్డారు. మెడ పక్క ఎముక విరిగింది. బండి దానంతటదే ఆగిపోయిందని, అంతకు మించి గుర్తులేదని ఆయన చెప్పారు. మూడో రోజున బావమరిది ఆ వీడియో చానల్లో పెట్టాడు. అది చూసిన దగ్గర్నుంచి మేస్త్రీ పానా ముట్టలేదు. షెడ్డు ముందు నాలుగు బళ్లు పట్టా కప్పుకుని పడి ఉన్నాయి. ఎవరైనా అడిగితే ఒంట్లో బాగాలేదని భార్య చెప్పి పంపేస్తోంది.

ఇక ఈ పొద్దున దగ్గరికి వద్దాం.

బావమరిది తొమ్మిదిన్నరకి వచ్చాడు. మూడు కాళ్ల స్టాండు నిలబెట్టాడు, బావని ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టాడు, వెనకాల పాత టైర్లు కనబడకుండా దుప్పటి కట్టాడు. మేస్త్రీ తలకి నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. షెడ్డుకీ ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గుమ్మమే. ఆ గుమ్మంలో తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ భార్య నిలబడింది.

"పెళ్లినాడు కూడా ఇంత శ్రద్ధగా దువ్వుకోలేదు మీ బావ" అంది తమ్ముడితో. నవ్విద్దామని అన్న మాటే. మేస్త్రీ నవ్వలేదు.

అప్పుడే కూతురు కాలేజీకి బయల్దేరింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. ఈ పన్నెండు రోజులుగా ఆ పిల్ల తండ్రి అడగకుండానే మంచినీళ్లు తెచ్చిపెడుతోంది, ఫోన్ కోసం గొడవ పడటం మానేసింది. కాలేజీ మెట్ల మీద పడ్డానని కుడి అరచేతికి కట్టు కట్టుకుని తిరుగుతోంది. గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూసింది.

"దేనికి మామయ్యా ఇదంతా?"

"మీ నాన్న మాట్లాడతాడట. నాకూ ఏం చెప్పలేదు."

ఆ పిల్ల ఇంకాసేపు నిలబడింది. ఏదో అనబోయినట్టు తల్లికి అనిపించింది. కానీ సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

కెమెరా మీద ఎర్ర చుక్క వెలిగింది. మొదలుపెట్టమని బావమరిది చెయ్యి ఊపాడు.

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. నలుగురిలో మాట్లాడే అలవాటు లేని మనిషి. ముందు నమస్కారం పెట్టాడు. తర్వాత చూపు కెమెరా మీద నిలవక, నేల మీద పడున్న నట్టు ఒకదాని మీద నిలిచింది.

"లెక్కల మాస్టారు పడింది నా వల్ల" అన్నాడు. "ఇంజన్‌కి గాలి ఎక్కువిచ్చాను, పెట్రోలు తక్కువిచ్చాను. లోపల వేడెక్కి, తిరగకుండా పట్టేసింది. నా చెవిని నమ్ముకుని మీరంతా బళ్లు తెచ్చారు. ఆ చెవి ఇక పనికిరాదు. దయచేసి నా దగ్గరికి బళ్లు తేవద్దు."

గుమ్మంలో భార్య చేతులు తుడుచుకోవడం ఆపేసింది. పన్నెండు రోజులుగా మొగుడు తిండి సరిగ్గా తినకపోతుంటే, మాస్టారి మీద బెంగ అనుకుంది. ఇంత బరువు మోస్తున్నాడని అనుకోలేదు. తప్పు ఒప్పుకునేవాడి వైపు దేవుడు ఉంటాడని ఆవిడ చిన్నప్పటి నుంచీ విన్నది. కానీ చెయ్యని తప్పు ఒప్పుకునేవాడి వైపు ఎవరుంటారు? ఆ ప్రశ్న ఆవిడకి ఇంకా రాలేదు. కాసేపట్లో వస్తుంది.

ముందు నోరు తెరిచింది బావమరిది. కెమెరా వెనకనుంచి తల బయటపెట్టి, ఇంజన్ పట్టేసిందని ఎవరు చెప్పారని అడిగాడు.

"నీ వీడియోనే చెప్పిందిరా."

"అందులో ఏముంది బావా, ముల్లు తప్ప?"

మేస్త్రీ జేబులోంచి ఫోన్ తీశాడు. ఆ వీడియో ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు, తెరవగానే అదే వచ్చింది. అప్పటికి ఏడుసార్లు విన్నాడు. చప్పుడు పూర్తిగా పెంచి ఫోన్‌ని కెమెరా ముందుకి చాచాడు. అందరూ వినాలని.

మీటరు ముల్లు ఎక్కుతోంది. రెండో గేరు, మూడో గేరు. ఆ తర్వాత ఇంజన్ చప్పుడులో సన్నగా గలగల మొదలైంది, గాజు సీసాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు. మేస్త్రీ వేలెత్తి, "ఇదిగో" అన్నాడు. ఇంకొంత దూరం వెళ్లాక బొమ్మ పక్కకి ఒరిగింది. అక్కడితో ఆగిపోయింది.

మేస్త్రీ ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాడు. భార్య గుమ్మం దిగి దగ్గరికి వచ్చింది. ఒక మనిషి పడటం చూడలేక ఇన్నాళ్లూ ఆవిడ ఆ వీడియో ముట్టుకోలేదు.

"ఇంకోసారి వేయండి" అంది.

"ఎందుకే?"

"వేయండి, చెప్తాను."

వేశాడు. ఆవిడ ఇంజన్ని వినలేదు. ఇంజన్ల సంగతి ఆవిడకి తెలియదు. గులకరాళ్లు మొదలయ్యే చోట, ఆ మోత వెనకాల ఎక్కడో చాలా దూరాన ఒక సన్నని కూత. అది లేచి, సాగి, దిగిపోయింది.

"ఇందులో మిల్లు కూస్తోందేమిటి?"

మిల్లు రోజుకి రెండేసార్లు కూస్తుంది. పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఐదుకి. ఎనిమిది కూతకి ఆవిడ పంపు కట్టేస్తుంది, కూతుర్ని రెండోసారి లేపుతుంది, మొగుడికి రెండో కాఫీ ఇస్తుంది. గడియారం ఆగినా ఆవిడకి ఫరవాలేదు, మిల్లు ఆగితే ఇల్లంతా తలకిందులవుతుంది.

"మాస్టారు వెళ్లింది పది దాటాక కదండీ" అంది మెల్లగా. "నేనే కదా టిఫిన్ తిని వెళ్లమన్నాను. పది దాటిందమ్మా, క్లాసుంది అన్నారు."

మేస్త్రీ మూడోసారి పెట్టాడు. ఈసారి తల వాల్చాడు. కూత వినబడింది. ఏడుసార్లూ అక్కడే ఉంది. ఏడుసార్లూ ఆయన చెవి గులకరాళ్లని పట్టుకుని వేలాడింది, పక్కనున్న దాన్ని చేరనివ్వలేదు. తప్పు చేశానన్న భయం ముందు కూర్చుంటే, మిగతా చప్పుళ్లన్నీ వెనక నిలబడిపోతాయి కాబోలు.

ఇద్దరూ ఒకేసారి బావమరిది వైపు తిరిగారు.

అతను జేబురుమాలు తీసి కెమెరా అద్దం తుడుస్తున్నాడు. అక్కకి తమ్ముడి సంగతి బాగా తెలుసు. ఆరేళ్లప్పుడు నాన్న కళ్లద్దాలు పగలగొట్టి, ఎవరూ అడగకుండానే ఇల్లంతా చీపురు పెట్టి ఊడ్చినవాడు. తప్పు చేసిన ప్రతిసారీ వాడికి ఎక్కడలేని శుభ్రం పుట్టుకొస్తుంది.

"ఆ అద్దం అరిగిపోతుంది గానీ, ఇటు చూడరా" అంది.

అతను చూడలేదు. అద్దానికే చెప్పుకున్నాడు.

"మాస్టారి పరుగులో గాలి తప్ప ఏం లేదక్కా. మైకు మీద స్పాంజి ఊడిపోయింది. మొదట్లో కాస్త విని, హోరు తప్ప ఇంకేం లేదని ఆ చప్పుడు తీసేశాను. ఆయనకి ఎలా ఉందని అందరూ అడుగుతున్నారు. ఉత్త గాలి పెడితే ఎవరు చూస్తారు? పొద్దున బావ నడిపినప్పటి చప్పుడు శుభ్రంగా ఉంది. అది తెచ్చి మాస్టారి బొమ్మ కింద వేశాను. అదే బండి, అదే రోడ్డు, అదే రోజు. అదే చప్పుడు కదా అనుకున్నాను."

"పొద్దున నేను నడిపిందా?" అన్నాడు మేస్త్రీ.

"అవును బావా."

"స్క్రూ తిప్పకముందుదా?"

"ముందుదే."

మేస్త్రీ స్టూలు మీదనుంచి దిగాడు. కాళ్లు నేలకి ఆనాయో లేదో చూసుకునేవాడిలా రెండడుగులు వేశాడు. ఆ గులకరాళ్లు తను పెట్టినవి కావు, తను తీసేసినవి. మాస్టారు ఏ గలగల పోగొట్టమని బండి తెచ్చారో అదే గలగల విని, తన చేతికి తానే శిక్ష వేసుకోబోయాడు. ఇన్ని రోజులుగా గుండె మీద కూర్చున్నది లేచి నిలబడ్డట్టయింది. ఎటు వెళ్లాలో దానికీ తెలియనట్టు అక్కడే తచ్చాడింది. తర్వాత వెళ్లిపోయింది.

"మూడో గేరు భలే నున్నగా వేశారే మాస్టారు, ఎప్పుడు నేర్చుకున్నారూ అనుకున్నానే" అన్నాడు భార్యతో. "అది నేనేనట."

ఆవిడకి నవ్వు ముందొచ్చింది, దాని వెనకే కన్నీళ్లొచ్చాయి. రెండింటికీ ఒకే తువ్వాలు వాడింది. ఆ తర్వాత తమ్ముడి మీద పడింది. కలిపింది లేదని రోజూ చెప్పే నోరేనా ఇదని అడిగింది. పడ్డ మనిషి వీడియో ఆయన్ని అడగకుండా పెట్టడమే తప్పు, పైగా అందులో కల్తీ. ఆవిడ గొంతు పెంచలేదు. అది తమ్ముడికి మరీ కష్టంగా ఉంది. మాస్టారు రెండుసార్లు ఫోన్ చేసి తీసేయమన్నారని, సిగ్గుపడి అంటున్నారులే అనుకున్నానని అతను ఒప్పుకున్నాడు.

మేస్త్రీ అడ్డుపడ్డాడు.

"వాడు చప్పుడు మార్చాడు. నేను నోరు మూసుకున్నాను. మొదటి రోజే వీడిని ఒక్క మాట అడిగుంటే అయిపోయేది. మాస్టారి వరండాలోనే ఉంది బండి, వెళ్లి ఒక కిక్కు కొట్టినా తెలిసిపోయేది. 'ఇప్పుడెందుకు మేస్త్రీ' అని ఆయన అనగానే గుమ్మంలోంచే వచ్చేశాను. చూడాలంటే భయమేసి. ఇందులో ఎవరి పాలు ఎంతో దేవుడు తేల్చుకుంటాడు. ముందు ఆ గాలి తియ్యి."

"ఏ గాలి?"

"మాస్టారి పరుగుది. అసలుది. ఇంజన్ బాగుంటే బండెందుకు పడింది?"

బావమరిది పని బల్ల మీద కంప్యూటర్ తెరిచాడు. చానల్లో పెట్టిన ముక్కకి అసలు చప్పుడు అందులో అలాగే ఉంది. హెడ్‌ఫోన్లు బావ తలకి తగిలించాడు. మొదట హోరు తప్ప ఏమీ లేదు. సముద్రం ఒడ్డున తలుపు తీసి పెట్టినట్టుంది. మేస్త్రీ చేత్తో సైగ చేశాడు, తగ్గించమని. బావమరిది ఆ హోరుని కొంచెం కొంచెంగా కోస్తూ పోయాడు. మేస్త్రీ కళ్లు మూసుకున్నాడు. తల పక్కకి వాలింది. ఇన్ని రోజుల తర్వాత ఇంజన్ కోసం ఆ తల అలా వాలడం చూసి భార్య నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది.

గాలి కింద, చాలా కింద, ఇంజన్ ఉంది.

అది గుండ్రంగా, నిండుగా ఉంది. ఒక్క గులకరాయి లేదు. ఎత్తు ఎక్కేచోట కూడా గొంతు పట్టుకోలేదు, తిన్నగా లాగింది. తను స్క్రూ తిప్పి వదిలినప్పుడు షెడ్డులో ఎలా ఉందో, రోడ్డు మీదా అలాగే ఉంది. మేస్త్రీ పెదవులు కదిలాయి. దేవుడికి చెప్పుకున్నాడో, ఇంజన్‌కి చెప్పుకున్నాడో పక్కవాళ్లకి వినబడలేదు.

అంతలో ఆయన నొసలు ముడిపడింది. కళ్లు తెరవకుండానే రెండు వేళ్లు ఎత్తి చూపించాడు.

"ఏమిటండీ?"

"ఇద్దరున్నారు" అన్నాడు. "బండి ఇద్దర్ని మోస్తోంది. ఒక్క మనిషైతే ఇంత బరువుగా లాగదు."

"మాస్టారు ఒక్కరేగా వెళ్లింది."

ఆయన ఇంకా వింటున్నాడు. మూడో గేరులో ఇంజన్ పూర్తి గొంతుతో పరుగెడుతోంది. ఉన్నట్టుండి టక్‌మని ఒక చిన్న చప్పుడు. వెంటనే ఇంజన్ లేదు. పట్టేసిన ఇంజన్ అలా పోదు, కీచుమని ఏడుస్తూ పోతుంది. ఇది దీపం ఆర్పినట్టు పోయింది. ఆ తర్వాత టైరు రోడ్డుని గీరిన మోత, ఇనుము పడ్డ మోత.

మేస్త్రీ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ టక్ ఆయనకి తెలుసు. హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్, ఇంజన్ని ఒక్కసారిగా ఆపేది. ఆ రోజే కొత్తది వేశాడు, బిగుతుగా ఉండి గట్టిగా మోగుతుంది.

ఎవరో కావాలని నొక్కారు. పూర్తి వేగంలో ఉన్న బండికి ఆ స్విచ్ నొక్కే పని ఒక్కటే ఉంది. ట్యూనింగ్ కుదిరిందో లేదో తేల్చుకోవాలంటే మేస్త్రీ అలాగే చేస్తాడు. బండిని పూర్తిగా పరుగెత్తించి, క్లచ్ పట్టుకుని, అదే క్షణంలో స్విచ్ నొక్కి, మెల్లగా దొర్లించి ఆపుతాడు. వేడి తగ్గాక స్పార్కు ప్లగ్గు విప్పి రంగు చూస్తాడు. తెల్లబారితే పెట్రోలు చాలనట్టు, మసిబారితే ఎక్కువైనట్టు, బిస్కెట్ రంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు. క్లచ్ మరిచిపోతే మాత్రం వెనక చక్రం ఈడ్చుకుపోతుంది. మలుపులో అయితే చెప్పనక్కర్లేదు.

కానీ ఈ పద్ధతి మాస్టారికి ఎలా తెలుసు? సైకిల్ని దాటాలన్నా రెండుసార్లు హారన్ కొట్టే మనిషి. ఆయనకి తను ఎప్పుడూ చెప్పలేదు. షెడ్డులో కూర్చుని తను ప్లగ్గులు చూస్తుంటే చూస్తూ పెరిగినవాళ్లు ఎవరున్నారు?

ఆ ఆలోచన సగంలో ఉండగానే భార్య మళ్లీ తమ్ముడి వైపు తిరిగింది.

"కలిపింది తేలింది. కోసింది ఏమైనా ఉందా?"

జేబురుమాలు మళ్లీ బయటికి వచ్చింది. ఆవిడ దాన్ని లాక్కుని తన దగ్గర పెట్టుకుంది. అప్పుడు చెప్పాడు. దారిలో బండి ఒకచోట రెండు నిమిషాలు ఆగిందట. ముల్లు సున్నా మీద నిలబడి ఉంటే ఎవరు చూస్తారని ఆ ముక్క తీసి పక్కన పెట్టాడట. వినను కూడా వినలేదు.

ఈసారి హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు. ముగ్గురూ వినేలా పెట్టించాడు మేస్త్రీ. బండి ఆగి ఉంది కనక గాలి లేదు. ఇంజన్ తీరిగ్గా కొట్టుకుంటోంది, నిద్రపోతున్న పిల్లి కడుపులా. ఎంత బాగుందో అనుకున్నాడు ఒక్క క్షణం, అంత కంగారులోనూ. మాస్టారి గొంతు, జాగ్రత్త అమ్మా అంటోంది. తర్వాత ఆడపిల్ల గొంతు, దగ్గరగా, నవ్వుతూ, అద్దంలా స్పష్టంగా:

"నాన్నకి మాత్రం చెప్పకండి మాస్టారూ. నీళ్ల ట్యాంకు దాకానే."

భార్య చెయ్యి చాచింది, ఏదైనా పట్టుకోవాలని. దొరికింది మేస్త్రీ భుజం. కాలేజీ మెట్లు, అరచేతి కట్టు, అడగకుండా వచ్చిన మంచినీళ్లు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి వరసలో నిలబడ్డాయి. ఆయనకి కోపం రావాలి. దానికంటే ముందు ఆ మలుపు కళ్లముందుకొచ్చింది, పక్కనున్న రాతి గట్టూ, దాని కింద లోయలాంటి కాలవా. అక్కడ తన పిల్ల పడి, లేచి, నడిచి ఇంటికి వచ్చి, మెట్ల మీద జారానని చెప్పి అన్నం తింది. కోపాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. "చెయ్యి మాత్రం గీరి వదిలేశావు స్వామీ" అనుకున్నాడు.

గేటు చప్పుడైంది.

కాలేజీ వదలడానికి ఇంకా చాలా సేపుంది. అయినా ఆ అడుగులు ఎవరివో మేస్త్రీకి తలెత్తకుండానే తెలుసు. రోజూ మూడంగల్లో వచ్చే అడుగులు ఇవాళ ఒక్కొక్కటే వస్తున్నాయి.

ఆ పిల్ల షెడ్డులోకి వచ్చి ముగ్గురి మొహాలూ చూసింది. బల్ల మీది హెడ్‌ఫోన్లు చూసింది. అడగాల్సిన అవసరం లేకపోయింది. సంచీలోంచి కాగితం పొట్లం తీసి, కట్టు కట్టిన చేత్తోనే విప్పి, తండ్రి అరచేతిలో పెట్టింది. పాత ప్లగ్గు.

"మాస్టారి బండిది" అంది. "వాళ్లింటికి ట్యూషన్‌కి వెళ్లినప్పుడు విప్పాను. రంగు చూడు నాన్నా."

మేస్త్రీ వెలుతురు దగ్గరికి తీసుకెళ్లాడు. కొన దగ్గర లేత బిస్కెట్ రంగు, ఎక్కడా తెలుపు లేదు, మసి లేదు. ఈ షెడ్డులో అంత సరైన రంగు ఆయన ఈ మధ్య కాలంలో చూడలేదు.

"నీ తప్పు లేదని పది రోజుల నుంచీ నాకు తెలుసు" అంది కూతురు. "ఆ మాట చెప్పాలంటే మిగతాదీ చెప్పాలి. ఇవాళ పొద్దున నిన్ను స్టూలు మీద చూశాక క్లాసులో కూర్చోలేకపోయాను. బండి నడిపింది నేనే నాన్నా. మాస్టారు వెనక కూర్చున్నారు. నన్ను ఇంటికి పొమ్మని, తానే పడ్డానని చెప్పారు."

తల్లి ఆ పిల్లని దగ్గరికి లాక్కుంది. తిట్టడానికో, ముద్దు పెట్టుకోవడానికో ఆవిడకే తెలియదు. రెండూ కొంచెం కొంచెం చేసింది. మేస్త్రీ ఇంటి లోపలికి నడిచాడు. అలమర తలుపు తీసిన చప్పుడు, గుడ్డ విప్పిన చప్పుడు వినబడ్డాయి. బయటికి వచ్చేసరికి చొక్కా జేబులో స్క్రూడ్రైవర్ పిడి మెరుస్తోంది. కూతురి తల మీద చెయ్యి వేశాడు.

"ప్లగ్గు చూడాలనుకుంటే తిన్నని రోడ్డు మీద చూడాలి తల్లీ, మలుపులో కాదు. క్లచ్ పట్టుకోవాలి. నేనే నేర్పి ఉండాల్సింది."

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నేను స్విచ్ నొక్కింది ప్లగ్గు కోసం కాదు నాన్నా. మలుపులో రోడ్డు మధ్యన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఎవరో నాకు తెలుసు, మీకూ తెలుసు. చెప్తాను." చూపు తండ్రి భుజం మీదుగా వెనక్కి పోయింది. "ముందు ఆ కెమెరా ఆపమని మామయ్యకి చెప్పు."

ముగ్గురూ వెనక్కి తిరిగారు. మూడు కాళ్ల స్టాండు మీద ఎర్ర చుక్క మొదటి నుంచీ వెలుగుతూనే ఉంది.